వెనక సందుకు గేటు

గాదె కింద ఎలుకల కలుగుకు ముందొక దారి, వెనకొక సందు. ఆ సందులోంచి పక్క చుంచులు దూరి గింజలెత్తుకెళ్తున్నాయని, పోకిరీ వేషాలేస్తున్నాయని పెద్దెలుక గుర్నాథం మండిపడి, సందుకు ముళ్లగేటు బిగించాడు. దాని మీద తన పేరు కూడా చెక్కించుకున్నాడు.

"పామొస్తే మనం పారిపోయేది ఆ సందులోంచే కదా, మావయ్యా?" అంది కోడలు మంగతాయి.

"పాము మర్యాదస్తుడే! ఏనాడైనా మన గింజ ముట్టాడా?" అని కసిరాడు గుర్నాథం.

నాలుగోరోజు పాము దర్జాగా ముందు దారినే వచ్చింది. ఎలుకలన్నీ సందులోకి పరిగెత్తి, గేటు దగ్గర ఒకదాని మీదొకటి పడ్డాయి.

"భలే గట్టి గేటు! ఎవరు పెట్టించారు?" అంది పాము పడగ విప్పి.

గుర్నాథం తన పేరు కనపడకుండా గేటుకు వీపు ఆనించి, "ఇంకెవరండీ, ఆ చుంచులే!" అన్నాడు.