గ్రహణం కళ్లద్దాలు

ఆ సాయంత్రమే సూర్యగ్రహణం. ఎడపల్లిలో తమ డాబా మీద, పడమటి చెరకు తోట వైపు కెమెరా నిలబెట్టి, దానికి నల్ల ఫిల్టరు బిగించింది వర్ష. కిందికొచ్చి చూస్తే, గ్రహణం చూసేందుకు తెప్పించుకున్న కళ్లద్దాలు బల్ల మీద లేవు.

అత్త సత్తవ్వ మీదే అనుమానం. “కాగితం అద్దాలట! కండ్లు పోతయ్, సూడకు” అని వారం నుంచీ ఒకటే పోరు. పొద్దున ఆ బల్ల దగ్గరే తచ్చాడింది కూడా.

పొయ్యిలో వేసిందేమోనని బూడిద కెలికింది వర్ష. బియ్యం డబ్బాలో వెతికింది. అత్తను కడిగేద్దామని కోపంగా పెరట్లోకి వెళ్లింది.

సత్తవ్వ ఆ అద్దాలు పెట్టుకొని, తలెత్తి సూర్యుణ్ని చూస్తోంది.

“అత్తమ్మా! నీకు కనపడేదే ఒక్క కన్ను. దాంతోని సూర్యుణ్ని చూస్తున్నవా?”

“చిన్నప్పుడు గ్రహణం సూసినందుకే రెండోది పోయింది బిడ్డా. అందుకే వీటిని నమ్మలే. పొద్దట్నుంచి నా మంచి కన్నుతోనే సూస్తున్న. ఏం కాలే.”

అద్దాలు తీసి కోడలి చేతిలో పెట్టింది.

“ఇగ నువ్వు సూడు.”