పదకొండో కేకు

ఈసారి మోసం చెయ్యక తప్పదని హెస్టర్ సోమవారమే తేల్చుకుంది. డెబ్బై రెండేళ్ళ వయసులో అదే ఆమె మొదటి నేరం.

నెదర్ విబ్లీ ఊళ్ళో ఏటా వేసవిలో జరిగే కేకుల పోటీలో వరసగా పదేళ్ళు ఆమెది రెండో స్థానం. మొదటిది పక్కింటి బెరిల్‌ది. గెలిచిన కప్పు పెట్టుకోవడానికని పెనిమిటి బతికుండగా కొట్టిన అరలో ఇప్పుడు పిల్లి పడుకుంటోంది. హెస్టర్ పేరున్న కేకు పక్కన జడ్జి ప్రతిసారీ ఒకే మాట రాస్తుంది, ‘కాస్త పొడిబారింది’ అని. బెరిల్ ప్రతిసారీ ఓదార్చి, ఓవెన్ మార్చి చూడమంటుంది. హెస్టర్ రెండు ఓవెన్లు మార్చింది. కోళ్ళను కూడా మార్చింది.

పోటీలో అందరూ ఒకే కొలతలతో చెయ్యాలి. మధ్యలో రాస్ప్‌బెర్రీ జామ్, పైన పంచదార, కింద తెల్ల పళ్ళెం. నిర్వాహకులు కేకుల్ని చర్చి పక్కన వేసిన డేరాలో బల్ల మీద తమకు తోచిన వరసలో సర్దుతారు. ఇరవై కేకులూ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. ఏది ఎవరిదో చెప్పేది పక్కన బోర్లించిన పేరు చీటీ ఒక్కటే.

పన్నెండు కొట్టగానే నిర్వాహకులు భోజనానికి పబ్‌కి పోయారు. జడ్జి వచ్చేది ఒంటిగంటకి. హెస్టర్ పన్నెండున్నర దాకా డేరా కనబడని చర్చి గోడ వెనక నక్కి, తర్వాత వచ్చి ఎవరూ లేరని చూసుకుని డేరాలోకి దూరింది. చీటీలు తిప్పి చూసి, తన పేరున్నదీ బెరిల్ పేరున్నదీ అటుదిటు, ఇటుదటు మార్చేసింది. తర్వాత కొలనులో బాతుల్ని చూడ్డానికి వచ్చినదానిలా తాపీగా నడిచింది.

మూడింటికి పాదిరిగారు మైకులో చదివారు. మొదటి బహుమతి హెస్టర్‌కి.

కప్పు చేతికొచ్చింది గాని సంతోషం రాలేదు. బెరిల్ మొహంలో నెత్తురు చుక్క లేదు. గెలిచిన కేకు దగ్గర నిలబడి చీటీ తిప్పుతోంది, బోర్లిస్తోంది, మళ్ళీ తిప్పుతోంది. ఇలా జరగడానికి వీల్లేదని గొణుగుతోంది. పదేళ్ళు తనని ఓదార్చిన మనిషి. ఇక రోజూ ఆ మొహం చూస్తూ పక్కింట్లో ఎలా బతకడం?

హెస్టర్ ఆమె చెయ్యి పట్టుకుని టీ బల్ల వెనక్కి లాక్కెళ్ళింది.

“నేను దొంగనే బెరిల్. ఆ కేకు నీది. చీటీలు నేనే మార్చాను. పద, పాదిరిగారికి చెప్పి కప్పు నీకిప్పిస్తాను.”

బెరిల్ చప్పున తలెత్తింది.

“ఎన్నింటికి మార్చావే?”

“పన్నెండున్నరకి. డేరాలో ఎవరూ లేనప్పుడు.”

బెరిల్ కుర్చీ కోసం తడుముకుని కూలబడింది.

“మతిలేనిదానా, ఏటా పన్నెండుంపావుకల్లా మన చీటీల్ని నేను మార్చేస్తాను కదే.”