ఒక్క తూటా చాలు

"ఒకే తూటా పట్టే రైఫిల్ అయితే మంచిది. ఒకటి చాలు," అన్నాడు దైవాశీర్వాదం.

తుపాకుల షాపు తలుపు తోసుకుని వస్తున్న ప్రేమజ్యోతి ఆ మాట విని గుమ్మంలోనే కొయ్యబారిపోయింది. హాస్పిటల్ డ్యూటీ దిగి బస్సులో ఇంటికి వెళ్తుంటే, షాపు ముందు తమ కారు కనిపించింది. అది తమది కాకూడదని ప్రార్థన చేసుకుంటూ తర్వాతి స్టాపులో దిగి, నర్సు యూనిఫారంతోనే పరుగున వచ్చింది. అది తమ కారే. లోపల ఉన్నది తన మొగుడే. వేసుకున్నది పెళ్ళినాటి సూటు.

పందొమ్మిది వందల ఎనభై రెండు వేసవికి, అమెరికాలో వాళ్ళుండే హామండ్‌లో ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. ఉద్యోగం పోయిన దగ్గర్నుంచి ఆ మనిషి ఇంట్లో నోరు విప్పితే ఒట్టు. లైబ్రరీకని వెళ్ళేవాడు, వచ్చేవాడు, గోడకేసి తిరిగి పడుకునేవాడు. ఆయనతోపాటే పని పోయిన ఫోర్‌మన్ పోయిన నెలలో గ్యారేజీలో తుపాకీతో కాల్చుకున్నాడు. సమాధి కార్యక్రమం నుంచి వస్తూ, "పాపం, ఒక్క క్షణంలో కష్టాలన్నీ తీరాయి," అన్నాడీయన. ఆ మాట ఆమె గుండెల్లో ముల్లులా దిగబడి ఉంది.

కౌంటర్ మీద మూడు రైఫిళ్ళున్నాయి. అవతల నిలబడ్డ తెల్లజుట్టు ముసలాయనే షాపు యజమాని. దైవాశీర్వాదం అనడానికి నోరు తిరగదు కాబోలు, "డేవ్" అంటున్నాడు. అంటే ఇది మొదటిసారి రావడం కాదన్నమాట.

"వార్మింట్ రైఫిల్ ఎవరైనా దేనికి కొంటారు డేవ్? పొలాలు తవ్వి పాడుచేసే జంతువుల్ని దూరం నుంచి కొట్టడానికి. టార్గెట్ షూటింగ్‌కైతే ఈ మూడింట్లో ఏది?" అడిగాడు ముసలాయన.

"ఇది. బ్యారెల్ లావుగా ఉంది, వరసగా కాల్చి వేడెక్కినా గురి మారదు. ట్రిగర్ చూడండి, వేలు ఆనిస్తే చాలు, చెయ్యి కదలదు."

"తూటాలు నింపే మేగజీన్ లేదు కదా."

"దానికోసం తొలిచే ఖాళీ లేకపోవడం వల్లే లోపలంతా గట్టిగా ఉంటుంది. రెండోసారి కాల్చే అవసరం రాకూడదు."

ఇంత వివరంగా, ఇంత ఉత్సాహంగా ఆయన మాట్లాడి ఎన్నాళ్ళయిందో. కాలేజీలో ఎన్‌సీసీ షూటింగ్ కప్పు గెలిచిన రోజుల గురించి చెప్పినప్పుడు మాత్రమే ఆ కళ్ళలో ఈ వెలుగు చూసింది. చావుకి ముస్తాబవుతూ ఇంత సంతోషమా అని ఆమెకి ఏడుపొచ్చింది.

"బ్యారెల్ లోపల చూశావా?"

"చూస్తాను."

దైవాశీర్వాదం రైఫిల్ బోల్టు ఊడలాగి ముసలాయన చేతిలో పెట్టాడు. అది లేకపోతే తుపాకీ పేలదని ప్రేమజ్యోతికి ఎవరు చెప్పాలి? దైవాశీర్వాదం షాపు వెనకున్న కిటికీ దగ్గరికి నడిచాడు. రైఫిల్ ఎత్తి, దాని బ్యారెల్‌కి కన్ను ఆనించాడు.

ఆమెకి పై ప్రాణాలు పైనే పోయాయి. పిలిస్తే ఉలిక్కిపడి వేలు నొక్కేస్తాడేమో. చప్పుడు చెయ్యకుండా వెళ్ళి ముసలాయన చెయ్యి పట్టుకుంది.

"సర్, ఆయన నా హజ్బెండ్. ఆయన చేతికి గన్ ఇవ్వకండి. ప్లీజ్."

"ఏమైంది మేడమ్?"

చర్చిలో పిల్లలకి అబద్ధమాడరాదని ప్రతి ఆదివారం నేర్పే మనిషి, గుక్క తిప్పుకోకుండా అబద్ధమాడేసింది.

"ఆయనకి మతి సరిగా లేదు. మా హాస్పిటల్లోనే ట్రీట్‌మెంట్ ఇస్తున్నారు. నేను అక్కడే నర్సుని."

ముసలాయన ఆమె తెల్ల యూనిఫారం వంక, జేబుకున్న బ్యాడ్జీ వంక చూశాడు.

"నాతో ఎప్పుడూ అనలేదే."

"అనరు సర్. బయటికి మామూలుగానే ఉంటారు. ఏ క్షణంలో ఏం చేసుకుంటారో మాకే తెలీదు."

ముసలాయన మొహం పాలిపోయింది. కిటికీ దగ్గరికి వెళ్ళి, చంటిపిల్లాడి చేతిలోంచి కత్తి తీసుకున్నంత మెల్లగా రైఫిల్ తీసుకుని, గోడనున్న బీరువాలో పెట్టి తాళం వేశాడు.

ప్రేమజ్యోతి అప్పుడు ఊపిరి పీల్చుకుంది. దేవా, నీకు స్తోత్రం అనుకుంది. చేసిన పాపానికి తర్వాత ఎంతయినా ఏడవచ్చు, మనిషి దక్కాడు.

దైవాశీర్వాదం వెనక్కి తిరిగి భార్యని చూశాడు. కోపం రాలేదు సరికదా, పట్టుబడ్డ కుర్రాడిలా నవ్వాడు. ఆ నవ్వు చూసి ఆమెకి అయోమయంగా అనిపించింది.

"నువ్వెలా వచ్చావు జ్యోతీ? ఇంటికొచ్చి నేనే చెబుదామనుకున్నా."

"చెప్పక్కర్లేదండీ. నాకంతా తెలిసిపోయింది. పదండి, ఇంటికి పోదాం," అంటూ ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఉండు, ఆయనతో ఒక్క మాట..."

ముసలాయన తాళంచెవులు జేబులో వేసుకుని దైవాశీర్వాదం వైపు తిరిగాడు.

"రైఫిల్ ఎంచడంలో నీ అంతవాణ్ణి నేను చూడలేదు డేవ్. కానీ మీ ఆవిడ చెప్పింది విన్నాక, నిన్ను సోమవారం నుంచి ఈ షాపులో సేల్స్‌మన్‌గా పెట్టుకోలేను."