తడిసిన నిమ్మకుండీలు

"మళ్లీ నీళ్లు పోశారా అత్తయ్యా?" కుండీలో వేలు గుచ్చి, అంటిన బురద చూపించింది దిల్‌రాబో.

"పొద్దున ఒక్కసారే పోశాను," అంది షరాఫత్.

"మరి ఈ చిత్తడేంటి? ఆకులన్నీ పండిపోతున్నాయి. పోసింది మరిచిపోయి మళ్లీ మళ్లీ పోస్తున్నారు మీరు. సాయంత్రం మీ అబ్బాయి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తానన్నాడు. తలకి చూసే డాక్టరట."

షరాఫత్‌కి ఒళ్లు మండింది. ఈ తిర్మిజ్ ఊరి ఎండల్లో కుండీలు కాపాడటం ఆమెకొకరు నేర్పాలా? అఫ్ఘాన్ వైపు నుంచి వడగాలి లేస్తే కుండీలు నిలవవు. అందుకే అన్నిటినీ గోడవారకి చేర్చి, చుట్టూ ఇటుకలు పేర్చింది. ఎండెక్కకముందే నీళ్లు పోస్తుంది. అయినా మధ్యాహ్నానికి మట్టి బురదవుతోంది. నిన్న ఎవరో ఇటుకలు కూడా లాగేశారు. పెద్ద నిమ్మకుండీ గాలికి పడి పగిలింది.

ఎవరి పని? పక్కింటి హోసియత్‌కి ఆ నిమ్మకాయల మీద ఎప్పట్నుంచో కన్ను. లేకపోతే ఈ కోడలేనా? అత్తకి మతి పోయిందంటే ఇంటి తాళాలు ఎవరి చేతికొస్తాయి?

ద్రాక్షపందిరి కింద మంచం మీద భర్త హమ్రో టీ తాగుతున్నాడు.

"పొద్దస్తమానం ఇక్కడే కూర్చుంటారు కదా, కుండీల దగ్గరికి ఎవరొస్తున్నారో చూడలేదా?"

"ఎవరూ రాలేదే షరాఫత్!"

"చూపంతా టీ గిన్నెలో ఉంటే ఎలా కనిపిస్తారు!"

"బజారుకెళ్తున్నా!" అని ఇల్లంతా వినబడేలా కేకేసి వీధిలోకి నడిచింది షరాఫత్. సందు చుట్టి, పెరటి తలుపు గుండా వచ్చి రొట్టెల పొయ్యి చాటున నక్కింది.

ఎండ నిప్పులు చెరుగుతోంది. కోడలి గది తలుపు కిర్రుమంది. షరాఫత్ ఊపిరి బిగబట్టింది. దిల్‌రాబో తీగ మీది బట్టలు లాక్కుని లోపలికెళ్లి గడియ పెట్టుకుంది.

అంతలో కుళాయి కింద బకెట్ చప్పుడు. కుండీల దగ్గర ఎవరో వంగి, ఇటుకలు పక్కకి నెట్టి, గబగబా నీళ్లు కుమ్మరిస్తున్నారు.

"దొరికావు దొంగా!" ఒక్క ఉరుకున వెళ్లి చొక్కా పట్టుకుంది షరాఫత్.

ఆ మనిషి ఇటు తిరిగాడు. హమ్రో!

"మీరా! నన్ను పిచ్చిదాన్ని చేసి, కూర్చుని తమాషా చూస్తున్నారా? డాక్టరు దాకా లాగుతున్నారే నన్ను, నోరు విప్పొద్దూ?"

హమ్రో బెదిరిపోయి బకెట్ కింద పెట్టాడు. గుండె మీద చెయ్యి వేసుకుని, మర్యాదగా తల వంచాడు.

"అరవకండి చెల్లెమ్మా! మా షరాఫత్ బజారుకెళ్లింది, వచ్చేసరికి ఇవి ఎండిపోతే ప్రాణం విలవిల్లాడిపోతుంది దానికి. ఇంతకీ... మీరు ఎవరికోసం వచ్చారు?"