ఒక గ్లాసు తక్కువ

"ఇవి స్నానం చెయ్యకపోతే బతకవమ్మా," అని తేల్చేశాడు పశువుల డాక్టరు.

దుర్గాదేవి పంజరాన్ని దగ్గరికి లాక్కుంది.

పిల్లల్లేని ఆ ఇంట్లో కాస్త సందడంటూ ఉంటే, అది పిచ్చుకల్లాంటి ఆ జత ఫించ్ పిట్టలదే. భర్త భూషణం గుడివాడలో ఒక పిట్టల కొట్టు నుంచి పంజరంతో సహా తెచ్చాడు. బందరు వచ్చిన దగ్గర్నుంచి అవి ఒక్కసారీ నీళ్ళలో దిగలేదు. ఆడదానికి మెడ కింద ఈకలు అట్టకట్టి రాలిపోతున్నాయి.

దుర్గాదేవి కొంగు బిగించింది.

పళ్ళెంలో నీళ్ళు పెట్టింది. దిగలేదు.

ఇస్త్రీ బట్టల మీద కొట్టే స్ప్రేతో చిలకరించింది. పంజరం అదిరేలా ఎగిరాయి.

ఫోన్లో వాన చప్పుడు పెట్టింది. రెండూ చివరి పుల్ల మీద, విడిదింట్లో అలిగిన వియ్యపురాళ్ళలా మొహాలు తిప్పుకుని కూర్చున్నాయి.

ఆవిడ పంజరం ముందే కుర్చీ వేసుకుంది.

"నువ్వలా ఎదురుగా కూర్చుంటే నేనైనా చెయ్యను స్నానం," అన్నాడు భూషణం, పేపరు దించకుండా.

"మీరు చెయ్యకపోవడానికి నేను కూర్చోనక్కర్లేదు లెండి."

సరిగ్గా అప్పుడే మంచినీళ్ళ టిన్ను భుజాన పెట్టుకుని ఒక కొత్త మనిషి మెట్లెక్కి వచ్చాడు. అరవై దాటి ఉంటాయి. పేరు నూకరాజన్నాడు.

టిన్ను వరండాలో దించి, వెళ్ళకుండా పంజరం వైపే చూస్తూ నిలబడ్డాడు.

"పళ్ళెంలో బోరు నీళ్ళాండి?"

"స్నానానికి బోరు నీళ్ళు కాక పన్నీరు పోస్తారా?"

బందరులో ఎవరింట్లో అయినా అంతే. తాగడానికి టిన్ను నీళ్ళు, ఒంటికి బోరు నీళ్ళు. దుర్గాదేవి పిట్టలకీ అదే పద్ధతి పెట్టింది.

"ఉప్పునీళ్ళలో దిగవండి. మంచినీళ్ళు పొయ్యండి, చల్లటి ఆకేదైనా తడిపి వెయ్యండి. వేసి, మీరు పక్కకెళ్ళిపోండి."

"మేం మనుషులం పోసుకోవట్లేదూ? వాటికేమొచ్చిందట?" అంది దుర్గాదేవి. అతను మెట్లు దిగాక, "ఇంకో టిన్ను అంటగట్టే తెలివి చూశారా!" అని భర్తతో అంది.

వారం తిరక్కుండానే వింత జరిగింది.

ఆవిడ ఫోన్లో వాన చప్పుడు పెట్టేసి, పూజ ముగించుకుని వచ్చేసరికి పళ్ళెం చుట్టూ నేలంతా తడి. పిట్టలు రెండూ నానిన దూదిపింజల్లా ఒళ్ళు విదిలించుకుంటున్నాయి.

"వాన చప్పుడు పనిచేసిందండీ!"

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో దుర్గాదేవి ఆ వాన చప్పుడు పెట్టి, ఎలా వాడాలో పాఠం కూడా చెప్పింది. పిట్టలు పెంచే ఇల్లు ఆ అపార్ట్‌మెంట్‌లో ఇంకోటి లేదు. అయినా పదకొండు మంది దణ్ణాలు పెట్టారు.

ఆ సంబరంలో ఉండగానే ఇంకోటి ఆవిడ కంటపడింది. టిన్ను మెడదాకా నిండి రావట్లేదు. రోజూ ఒక గ్లాసు తక్కువ.

మర్నాడు మెట్ల మీదే పట్టుకుంది.

"ఏమయ్యా, మూత తీస్తున్నది నువ్వేనా?"

నూకరాజు తల వంచుకున్నాడు. "అవునండి."

"ఎంగిలి నీళ్ళు తాగిస్తున్నావా మాకు?"

"ఎంగిలి చెయ్యలేదండి..." అని ఇంకేదో చెప్పబోయాడు.

అప్పటికే దుర్గాదేవి వాటర్ ప్లాంటు కొండలరావుకి ఫోన్ కలిపింది. "రేపట్నుంచి ఈ మనిషిని మా ఇంటికి పంపొద్దండీ. గ్లాసుడు నీళ్ళకి కక్కుర్తిపడేవాణ్ణి గుమ్మం ఎక్కనివ్వను."

అతను టిన్ను వరండాలో దించాడు. పంజరం వైపు ఒకసారి చూసి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

మర్నాటి నుంచి వేరే మనిషి వచ్చాడు. టిన్ను మెడదాకా నిండి వచ్చింది.

పిట్టలు మాత్రం మళ్ళీ నీళ్ళలో దిగలేదు.

వాన చప్పుడు పెట్టింది. తరవాత ఉరుములు కూడా పెట్టింది. పదో రోజుకి ఆడది ఒళ్ళంతా ఉబ్బరించుకుని పంజరం అడుగున ముడుచుకుంది. గింజ ముట్టలేదు.

"ఇక నా చేతుల్లో లేదమ్మా," అన్నాడు డాక్టరు.

దుర్గాదేవి కళ్ళు తుడుచుకుంటుంటే ఎదురు ఫ్లాటు గ్రేస్ వచ్చింది.

"అదేంటి పిన్నిగారూ, ఈ కొత్తాయన పళ్ళెంలో నీళ్ళు మార్చట్లేదా?"

"నీళ్ళు మార్చడమేంటి?"

"నూకరాజు బాబాయ్ రోజూ మీరు పూజలో ఉండగా మీ బోరు నీళ్ళు పూలకుండీలో పారబోసి, కడిగి, టిన్నులోంచి ఒక గ్లాసు పోసేవాడు కదా. మీరే పురమాయించారనుకున్నాను."

దుర్గాదేవి పళ్ళెంలో బోరు నీళ్ళు పూలకుండీలో పారబోసింది. లోపలికి వెళ్ళి గ్లాసుడు టిన్ను నీళ్ళు తెచ్చి పళ్ళెంలో పోసింది. కొత్తిమీర రెబ్బ తడిపి అందులో వేసింది. వంటింట్లోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుని నిలబడింది.

ముందు మగదాని రెక్కల చప్పుడు వినిపించింది. చాలాసేపటికి, సన్నగా, రెండోది.

తలుపు తియ్యకుండానే ఫోన్ అందుకుంది.

"కొండలరావు గారూ, నూకరాజు గారిని ఒక్కసారి మా ఇంటికి పంపండి. తప్పు నాదేనండీ. ఆయనతో నేనే చెప్పుకుంటాను."

"లేడండి. మీరు ఫోన్ చేసిన రోజే మానేశాడు."

"అయ్యో, మా ఇంటికి వద్దన్నానంతే, తీసెయ్యమన్లేదు!"

"నేనూ తియ్యలేదండి. వేరే వీధి ఇస్తానన్నాను. ఆ ఇల్లు లేకపోతే ఈ పని నాకెందుకు బాబూ అని వెళ్ళిపోయాడు. ఎటెళ్ళాడో తెలీదు, ఫోను కూడా లేదాయనకి."

"మా ఇంట్లో ఏముందని?"

కొండలరావు గొంతు తగ్గించాడు.

"తిరిగి అడుగుతాడేమోనని మీరు భయపడతారని, మీకు చెప్పొద్దన్నాడండి. గుడివాడలో మీ అడ్రసు కనుక్కునే నా దగ్గర పనికి చేరాడు. అద్దెగది ఓనరు వద్దన్నాడని గుడివాడ కొట్టులో ఇచ్చేశాడు గానీ, గుడ్డులోంచి బయటికొచ్చిన రోజు నుంచీ ఆ పిట్టల్ని పెంచింది ఆయనేనండీ."