తడి గోనె

"లెయ్యి పెద్దాయనా. పట్ట మీద కూసుంటావేంది?"

తాహిర్ వేడిగాలి మిషను పక్కన పెట్టి కాస్త గట్టిగానే అడిగాడు.

అప్పుడే రెండు టార్పాలిన్ పట్టల అంచులు వేడిచేసి, రోలరుతో నొక్కి అతికించాడు. మడత పెట్టేలోగా ఎక్కడినుంచి ఊడిపడ్డాడో ఈ ముసలాయన, అతుకు మీద తడి గోనె పరిచి, దానిపైన చక్కగా మఠం వేసుకుని కూర్చున్నాడు.

"ఆరనీప్పా. వేడిమీద అతుక్కున్నట్టే ఉంటాది. సల్లారినాకనే పట్టు."

"గిరాకీ నిలబడుండాది."

"నిలబడనీ. వాన నిలబడదు గదా."

పుంగనూరు సంతవీధిలో ఆ అంగడి బాబు సాహెబ్ పెట్టింది. ఆయన పట్టలు సూదీదారంతో కుట్టేవాడు. ఆయన పోయాక కొడుకు తాహిర్ మిషను తెచ్చాడు. నేర్పేవాళ్లు ఎవరుండారు? ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్నాడు. తల్లి మైమూన్ బీ కూడా పోవడంతో ఇంట్లో వండేదీ తినేదీ అతనొక్కడే. మధ్యాహ్నం అంగట్లో డబ్బా విప్పి గోడవైపు తిరిగి తినేవాడు. ఎదురుగా ఖాళీ బెంచీని చూస్తూ తింటే ముద్ద దిగేది కాదు.

ఆనాటి నుంచి ముసలాయన ప్రతి సంతకూ వచ్చేవాడు. కుప్పం బస్సు దిగేవాడు. చంకలో మడిచిన పట్ట ఒకటి.

"అది అతికించల్లా?"

"దానికి తొందర్లేదులేప్పా."

దాన్ని బెంచీ కిందికి తోసేసి, గోనె తడుపుకొచ్చేవాడు. బెంగుళూరులో ప్లాస్టిక్ కవర్లు అతికించే కంపెనీలో పదేండ్లు పనిచేశానని ఒకసారి అన్నాడు. తాహిర్ అంతకుమించి అడగలేదు. పేరు కూడా అడగలేదు.

అడగలేదు గానీ, సంతరోజు ఇద్దరికి సరిపడా వండుకురావడం మొదలుపెట్టాడు. ఆ ఒక్కరోజూ గోడవైపు తిరగడం మానేశాడు.

సెప్టెంబరులో మబ్బులు చూసి రైతులు అంగడికి ఎగబడ్డారు. ముసలాయన మాత్రం గోనె మీద నుంచి కదలడే. విసుక్కుని ఒకాయన పక్కంగడికి పోయాడు. తాహిర్‌కు తిక్క లేచింది.

"నీకంటే పనీపాటా లేదు. నా కడుపు యాల కొడతావు? ఇంగ రావద్దు, పో."

అందరి ముందరా నోరు జారాడు.

ముసలాయన లేచాడు. గోనె పిండి తీగ మీద ఆరేసి వెళ్లిపోయాడు. బెంచీ కింద పట్ట అక్కడే ఉండిపోయింది.

తర్వాతి సంతకు తాహిర్ ఇద్దరికీ వండుకొచ్చాడు. ఆ పై సంతకూ తెచ్చాడు. కుప్పం బస్సు వచ్చింది, పోయింది. అతను మళ్లీ గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

నవంబరు వానలు వెలిశాక రైతు గోవిందమ్మ రెండు పట్టలు తెచ్చి అతని ముందర పడేసింది.

"రెండూ నీ అంగట్లోవే అప్పా. ఇది ఆ పెద్దాయన కూసున్న పట్ట, చెక్కు చెదర్లేదు. ఇది ఆయన లేనప్పుడు చేసింది. సూడు, మూరెడు ఊడిపాయ. నీ పట్ట అంటే ఊర్లో నవ్వుతాండారు."

తాహిర్‌కు తల కొట్టేసినట్టయింది. తీగ మీది గోనె తీసి తనే తడిపాడు. ఆరోజు నుంచి ఒక్క అతుకూ చల్లారకుండా ఎత్తలేదు. ముసలాయన వస్తే చూపించాలని అతని ఆశ.

డిసెంబరులో ఒక సంతరోజు మునీశ్వరి అనే ఆమె వచ్చింది.

"మా నాయిన పట్ట ఈడ ఇడిసిపెట్టినాడంటప్పా. దొరస్వామి ఆయన పేరు. కుప్పం పక్క మా ఊరు."

"ఆయన్నే రమ్మనమ్మా. గోనె తడిపే పెట్నాను."

"యాడ వస్తాడప్పా. పోయి నెలాయ."

తాహిర్ బెంచీ కిందికి వంగాడు. పరాయి సొత్తని ఇన్నాళ్లూ ముట్టని ఆ పట్టను బయటికి లాగి, దులిపి విప్పాడు.

నడిమి అతుకు ఈ కొస నుంచి ఆ కొసదాకా ఊడి ఉంది. మడతల్లో మొలకెత్తి ఎండిపోయిన శెనక్కాయలు. మూలన తన అంగడి ముద్ర, నిరుటి తేదీ, తన చేతిరాత.

"ఇది నా దగ్గర కొనిందేనా?"

"నీ దగ్గరదే. నిరుడు వానకు ఊడిపాయ. రెండెకరాల కాయ మొలకలొచ్చి పాడైపాయ."

"మరి ఒక్క మాటన్నా అడగలేదే?"

మునీశ్వరి పట్టను నిదానంగా మడత పెట్టుకుంది.

"అడగల్లనే, నీతో కొట్లాడల్లనే మొదట బయల్దేరినాడప్పా. అంగడి ముందరిదాకా వచ్చి, నువ్వు గోడపక్కకు తిరుక్కొని ఒక్కనివే అన్నం తింటాంటే సూసి, అట్నే ఇంటికి తిరిగొచ్చి, 'ఆ పిల్లోనికి చెప్పేవాళ్లు ఎవురూ లేరు మునీశ్వరీ, వచ్చే సంత నుంచి నేను పోతాలే' అనె."