రెండో రోబో కాడ

ఈ దక్షిణాఫ్రికా తెలుగువాళ్లు మాట్లాడేది అసలు తెలుగేనా అన్న అనుమానం, ఆంధ్ర నుంచి వచ్చిన గిరిధరరావుకి మూడేళ్లుగా ఉంది. ఆ శనివారం పొద్దున ఎస్ట్‌కోర్ట్ ఊళ్లో రెండో ట్రాఫిక్ లైటు ముందు కారాపి, లచ్మన్ రాసిచ్చిన కాగితం చదివేసరికి ఆ అనుమానం కాస్తా కోపమైంది. ట్రాఫిక్ లైటుని ఈ దేశంలో రోబో అంటారు. అది అతనికి అలవాటైంది. అలవాటు కానిది ఆ తర్వాతి మాట.

"రెండో రోబో కాడ దాపల తిరుగు," అని ఉంది.

"దాపున అని రాయడం కూడా రాదు," అన్నాడు గిరిధరరావు. "దాపున తిరగమంటే రోబో దగ్గర తిరగమని. ఎటువైపుకో చెప్పొద్దూ?"

పక్క సీట్లో కూతురు జాహ్నవి వాచీ చూసుకుంది. తొమ్మిదికి అయిదు నిమిషాలు. తొమ్మిదిన్నరకి నెట్‌బాల్ మ్యాచి. సీజనంతా రిజర్వు బెంచీ మీద కూర్చున్న పిల్లకి మొదటిసారి జట్టులో చోటు దొరికింది. విజిల్ వేసేటప్పటికి గ్రౌండులో లేకపోతే ఆ చోటు ఇంకొకరిదని మేవిస్ టీచర్ ముందే చెప్పింది. మిగతా పిల్లలు ఆరింటికే లచ్మన్ వ్యానులో డర్బన్ నుంచి బయల్దేరారు. శనివారం వెంకటేశ్వరస్వామి పూజ కాకుండా గడప దాటనని, కూతుర్ని తనే తీసుకొస్తానని చెప్పింది గిరిధరరావే.

మొన్నమొన్నటిదాకా వాళ్ల బడి జట్టు చుట్టుపక్కల భారతీయుల బళ్లతోనే ఆడేది. తెల్లవాళ్ల పాలన పోయిన ఎన్నికలయ్యాక ఇప్పుడిప్పుడే ఇలా దూరపు ఊళ్లు. టీచర్లకే దారులు తెలియవు. ఈ రోడ్డు మీద ఇరవయ్యేళ్లు లారీ తోలిన లచ్మన్‌కి తెలుసు. గిరిధరరావు ఆదివారాలు అవోకా గుడి హాల్లో చెప్పే తెలుగు పాఠాలకి అరవై ఎనిమిదేళ్ల లచ్మన్ ఒక్క వారం కూడా మానడు. అయినా మూడేళ్లుగా ఒకటో తరగతిలోనే ఉన్నాడు. నిన్న సాయంత్రం మురిసిపోతూ వచ్చి దారి తెలుగులోనే రాసిచ్చాడు. పాత కాగితమేననీ, వెనక పక్క ఖాళీగా ఉంటే అక్కడ రాశాననీ చెప్పాడు.

వెనక కారు హారన్ కొట్టింది. గిరిధరరావు తోచినట్టు కుడికి తిప్పాడు. రైల్వే గూడ్సు షెడ్డు గేటు దగ్గర రోడ్డు అయిపోయింది. అతను జేబులోంచి ఎర్ర పెన్ను తీసి, 'దాపల' కొట్టేసి 'దాపున' అని దిద్దాడు. తప్పు కళ్లబడితే అతని చెయ్యి ఊరుకోదు.

"నాన్నా, అది ఇంటికెళ్లి దిద్దుకో. ముందు దారి చూడు," అంది జాహ్నవి.

వెనక్కి తిప్పి, రోబో దాటి అటువైపు పోయారు. బ్రిడ్జి వచ్చింది. కాగితంలో ఆఖరి మాట, "బ్రిడ్జి దాటి వలపల తిరుగు. గ్రౌండు కనపడద్ది."

"వెలుపల! ఊరి వెలుపల అన్నమాట." నిట్టూర్చి, ఆ మాటా దిద్ది, గిరిధరరావు తిన్నగా పోనిచ్చాడు. ఇళ్లు అయిపోయాయి. గడ్డి, ఆవులు, ముళ్లకంచె. ఒక పెట్రోలు బంకు దగ్గర ఆపి ఎర్నెస్ట్ అనే పనివాణ్ణి అడిగితే, ఊళ్లో నాలుగు గ్రౌండులున్నాయి, మీకే గ్రౌండు కావాలని అతను ఎదురడిగాడు. అది లచ్మన్ రాయలేదు. గిరిధరరావు నిన్న అడగలేదు.

నీ పూజకి ఆగినందుకేనా స్వామీ ఇదంతా, అని లోపల్లోపలే అడుగుతూ అతను కారు వెనక్కి తిప్పాడు. జాహ్నవి మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని రోడ్డు వంకే చూస్తోంది. తొమ్మిదీ ఇరవై.

బ్రిడ్జి దగ్గరికొచ్చేసరికి లచ్మన్ రోడ్డు మధ్య నిలబడి టోపీ ఊపుతున్నాడు. వెనక తలుపు తీసుకుని ఎక్కాడు.

"ఎక్కడికి పోయినావు సారూ? నేను రాసినాను కదా, వలపల అని."

"వలపలేమిటండీ లచ్మన్ గారూ, ఆ మాటకి అర్థముందా?"

లచ్మన్ రెండు చేతులూ ముందుకి చాచాడు. "బండికి రెండు ఎద్దులు. ఈ పక్కది దాపలది, ఈ పక్కది వలపలది. మా నాయన చెరుకు బండి తోలేవోడు. మాకు లెఫ్టూ రైటూ ఆ ఎద్దులే." ముందు ఎడమ చెయ్యి, తర్వాత కుడి చెయ్యి ఆడించాడు. "ఇప్పుడు ఎనక్కొస్తన్నావు కదా, ఇటునుంచి దాపల."

గిరిధరరావు ఎడమకి తిప్పాడు. తాతగారు కాడి కడుతూ దాపటెద్దు, వలపటెద్దు అనడం చిన్నప్పుడు తనూ విన్నాడు. విని మరిచిపోయాడు.

గ్రౌండు కనపడింది. కారు ఆగకముందే జాహ్నవి దూకి పరుగెత్తింది. మేవిస్ టీచర్ వాచీ చూసి, రిజర్వు పిల్ల చొక్కా మీద తొడుక్కోబోతున్న బిబ్ లాక్కుని జాహ్నవి మీదికి విసిరింది. విజిల్ మోగింది.

లచ్మన్ దిగి గీత దగ్గరికి పోయి నిలబడ్డాడు. గిరిధరరావు ఎర్ర పెన్ను తీసి, తన దిద్దుబాట్లు రెండూ కొట్టేశాడు. కాగితం మడవబోతే వెనక పక్క కనపడింది. అక్కడా ఎర్ర సిరా, తన చేతిరాతే. ఒకటో తరగతి పరీక్ష, మొదటి ఏడాదిది. 'నీ రెండు చేతుల పేర్లు రాయుము' అన్న ప్రశ్నకి 'దాపల చెయ్యి, వలపల చెయ్యి' అని లచ్మన్ జవాబు. రెండింటి మీదా అడ్డగీతలు, పక్కన 'ఇటువంటి మాటలు తెలుగులో లేవు'. అడుగున ముప్పై మూడు మార్కులు, ఫెయిల్.

గిరిధరరావు కాగితాన్ని స్టీరింగు మీద పరిచి, ముప్పై మూడు కొట్టేసి ముప్పై అయిదు వేశాడు.